ఆ నాలుగు మాటలు మా సీటు దాకా రానివ్వండి

విమాన కంపెనీల యాజమాన్యాలకు, పైలట్లకు, క్యాబిన్ సిబ్బందికి, వీళ్ళందరి మీద అజమాయిషీ ఉన్న పౌర విమానయాన అధికారులకు,

నమస్కారం. నేను కడపలో ఒక చిన్న షాపు నడుపుతాను. జిరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులు, గల్ఫ్ టికెట్లు, ఇదే నా పని. రాజంపేట, రాయచోటి, పులివెందుల వైపు పల్లెల నుంచి కువైట్ పోయే ఆడవాళ్ళు, మగవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. ఒక ప్రయాణంలో ఇంజన్ సమస్యతో మా విమానం వెనక్కి తిరిగింది, ఏమైందో మాకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. దాని గురించి నేను ఎక్కిన విమాన కంపెనీకి మూడు మెయిళ్ళు పెట్టాను, ఒక రిజిస్టర్ పోస్టు పంపాను. మొదటి మెయిలుకు "మీ ఫిర్యాదు అందింది" అని ఒక నంబరు వచ్చింది, అంతే, ఆ తర్వాత ఒక్క ముక్క లేదు. అందుకే అందరూ చదివేలా ఇలా రాస్తున్నాను.

ముందే ఒక మాట చెబుతాను. ఆ రోజు పైలట్లు మమ్మల్ని క్షేమంగా దించారు. వాళ్ళ పనితనం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, చేతులెత్తి దండం పెడతాను. నా ఫిర్యాదంతా మాకు దొరకని మాట గురించే.

కువైట్‌లో డ్రైవర్‌గా ఉన్న మా అన్నను చూసొద్దామని విజిట్ వీసా మీద బయల్దేరాను. మా కడపకు 2015 నుంచి, కర్నూలు ఓర్వకల్లుకు 2021 నుంచి విమానాలు వస్తున్నా గల్ఫ్‌కు పోవాలంటే మాకు చెన్నై, బెంగళూరు, హైదరాబాదే దిక్కు. రాత్రి బస్సెక్కి చెన్నై చేరుకుని తెల్లవారుజాము విమానం ఎక్కాను. అహ్మదాబాద్ ప్రమాదం ఇంకా అందరి నోళ్ళలో నానుతున్న రోజులవి. 2025 జూన్ 12న విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కడే బతికాడు, కింద ఉన్నవాళ్ళతో కలిపి 260 మంది పోయారు. ఆ వీడియో చూడని ఫోన్ లేదు. మా విమానంలో కూర్చున్న ప్రతి ఒక్కరి మనసులోనూ అది ఉంది.

నాది ఎడమ రెక్కకు కాస్త వెనక కిటికీ సీటు. నా పక్కన రాయచోటి వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అక్క. కువైట్‌లో ఒక ఇంట్లో వంట పని, సెలవు అయిపోయి మళ్ళీ పోతోంది. నేల విడిచి రెండు మూడు నిమిషాలు అయ్యుంటుంది, దబ్‌మని చప్పుడు, లారీ టైరు పేలినట్టు. ఆ వెంటనే సీటు కింద నుంచి అదురు మొదలైంది. బోరు మోటరుకు బేరింగ్ పోతే గట్టు మీద నిలబడినవాళ్ళ కాళ్ళకు తగులుతుందే, అచ్చం అట్లాంటి అదురు. ఏదో మాడిన వాసన. కిటికీలోంచి చూస్తే ఎడమ ఇంజన్ వెనక రెండుసార్లు నిప్పురవ్వలు కనబడ్డాయి. తర్వాత చప్పుడు తగ్గింది, అదురు తగ్గింది, విమానం ఎక్కడం ఆపేసి అడ్డంగా పోతోంది. ఆరేడు నిమిషాలు ఎవరూ ఏమీ చెప్పలేదు. తర్వాత గబగబా ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి, సాంకేతిక కారణాల వల్ల వెనక్కి వెళ్తున్నామని చెప్పారు. అంతే.

"ఏమంటాండారు అబ్బీ?" అని అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఏదో టెక్నికల్ ప్రాబ్లం అంట అక్కా, వెనక్కి పోతాండాం."

"ఇంజనా?"

నాకు ఏం చెప్పాలో తెలీలేదు. అవునంటే భయపడుతుంది, కాదంటే అబద్ధం. ఆమె తన ఫోన్ నా చేతిలో పెట్టి, "నా కొడుక్కు మెసేజ్ పెట్టు అబ్బీ, బ్యాంకు పుస్తకం బియ్యం డబ్బాలో అడుగున పెట్టినానని రాయి" అంది. రాశాను. రాస్తుంటే నా వేళ్ళు ఆడలేదు. సిగ్నల్ లేదు కాబట్టి మెసేజ్ పక్కన గడియారం గుర్తు పడి అట్లే నిలబడింది. దాదాపు నలభై నిమిషాలు సముద్రం మీద గుండ్రంగా తిరిగాం. ఎందుకు తిరుగుతున్నామో తెలీదు. దిగేటప్పుడు కిటికీ పక్కన ఫైరింజన్లు మాతో పాటు పరుగెత్తుతుంటే విమానం అంటుకుందేమో అనుకుని వెనక సీట్లలో ఏడుపులు మొదలయ్యాయి. నిలబడగానే సిగ్నల్ వచ్చింది, ఆమె ఫోన్ చేసి మాట్లాడకముందే ఆ మెసేజ్ కొడుక్కు చేరిపోయింది. పొలంలో ఉన్న ఆ పిల్లోడు అది చదివి అక్కడే కూలబడ్డాడని ఆమె తర్వాత నాకు చెప్పింది.

ఊరికి వచ్చాక మా పెదనాన్న మనవణ్ణి కూర్చోబెట్టుకుని అడిగాను. వాడు బెంగళూరులో విమానాల రిపేర్ పని చేస్తాడు. వాడు చెప్పింది వింటే నా భయం సగం పోయింది, కోపం మాత్రం రెట్టింపయ్యింది. ఎందుకో చూడండి.

రెండు ఇంజన్ల విమానం ఒక ఇంజన్‌తోనే పైకి ఎక్కగలగాలి, ఎగరగలగాలి, దిగగలగాలి. అది నిరూపించుకుంటేనే దానికి అనుమతి ఇస్తారు. రన్‌వే మీద ఒక వేగం దాటాక ఇంజన్ పోయినా ఆపరు, ఎత్తేస్తారు, అదే సురక్షితం. ఇంజన్ పోయిన చోట పైలట్లు చేసే మొదటి పని కంగారు పడకపోవడం. ఒకరు విమానాన్ని నడుపుతూనే ఉంటారు, రెండోవారు మీటర్లు చదువుతారు. ఏ ఇంజన్ అని ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకుని, ఒకరు ఆ ఇంజన్ శక్తిని తగ్గించే పిడి మీద చెయ్యి పెట్టి, రెండోవారు చూసి సరే అన్నాకే దాన్ని వెనక్కి లాగుతారు. తర్వాత చెక్‌లిస్ట్ పుస్తకం తీసి వరస తప్పకుండా చదువుతారు. మంట హెచ్చరిక వస్తే ఇంధనం ఆపి, మంటలార్పే సీసా వదులుతారు, అప్పటికీ ఆరకపోతే రెండో సీసా. ఏటీసీకి, అంటే కింద నుంచి విమానాలకు దారి చెప్పేవాళ్ళకు, "మేడే" అని మూడుసార్లు చెబుతారు, అంత ప్రమాదం కాకపోతే "పాన్ పాన్" అని మూడుసార్లు. అది వినగానే మిగతా విమానాలను పక్కకు జరిపి దారి ఇస్తారు. ముందు విమానం నడపాలి, తర్వాత దారి చూసుకోవాలి, ఆ తర్వాతే మాట్లాడాలి, ఇదీ వరస. కాబట్టి ఆ మొదటి ఆరేడు నిమిషాల నిశ్శబ్దం తప్పు కాదని నాకు ఇప్పుడు అర్థమైంది. ఆ టైంలో మైకు పట్టుకోమని నేనూ అడగను.

కానీ ఇంకొకటి చెప్పాడు వాడు. కాస్త కుదుటపడ్డాక కెప్టెన్ క్యాబిన్ సిబ్బందిలో పెద్దను పిలిచి నాలుగు సంగతులు చెబుతాడంట. ఏమైంది, ఏం చేయబోతున్నాం, ఎంత టైం ఉంది, ప్రత్యేకంగా చేయాల్సినవి ఏమన్నా ఉన్నాయా. ఆమె ఆ నాలుగూ తిరిగి అప్పజెప్పాలి, పొరపాటు లేకుండా విన్నదని కెప్టెన్‌కు నమ్మకం కుదరాలి. అంటే ఆ రోజు మా విమానంలో ఆ నాలుగు జవాబులూ ఉన్నాయి. కాక్‌పిట్ నుంచి ముందు పరదా దాకా వచ్చాయి. అక్కడి నుంచి అక్క సీటు ఎంతో దూరం కాదు. ఆ కాస్త దూరం రాలేదు.

నిజం చెబితే జనం భయపడతారు, గోల చేస్తారు అంటారా? 1982లో ఇండోనేషియా మీద అగ్నిపర్వతం బూడిదలో చిక్కుకుని బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకదానికి నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ ఎరిక్ మూడీ మైకులో ఆ మాటే చెప్పాడు, నాలుగూ ఆగాయి, మళ్ళీ నడిపించడానికి మా శక్తికొద్దీ చూస్తున్నాం అని. ఇంజన్లు తిరిగి నడిచాయి, జకార్తాలో దిగారు, అందరూ బతికారు. నాలుగు పోయినప్పుడు చెప్పగలిగిన మాట ఒకటి పోయినప్పుడు చెప్పడానికి ఏం అడ్డం?

నేను అడిగేవి ఇవి.

1. మాకు తెలిసిన భాషలో చెప్పండి. చెన్నై, హైదరాబాద్, బెంగళూరు నుంచి గల్ఫ్‌కు పోయే విమానాల్లో ఎంతమంది తెలుగువాళ్ళు ఉంటారో మీ టికెట్ల లెక్కలే మీకు చెబుతాయి. వాళ్ళలో చాలామంది ఇళ్ళలో పని, డ్రైవింగ్, మేస్త్రీ పని చేసేవాళ్ళు. అరబ్బీ అయినా నాలుగు ముక్కలు వస్తుంది కానీ మైకులో గబగబా చదివే ఇంగ్లీషు అర్థం కాదు. తెలుగు వచ్చిన సిబ్బంది ప్రతి విమానంలో ఉండకపోవచ్చు, ఒప్పుకుంటాను. కానీ బెల్టు పెట్టుకోండి లాంటివి ముందే రికార్డు చేసి వినిపించే ఏర్పాటు విమానాల్లో ఉంది. దాంట్లోనే ఇది కూడా పెట్టండి. మీకు శ్రమ లేకుండా నేనే రాసిచ్చాను, ఇలా ఉంటే చాలు:

"ప్రయాణికులకు నమస్కారం. మన విమానంలో ఒక ఇంజన్‌కు సమస్య వచ్చింది. రెండో ఇంజన్ బాగా పనిచేస్తోంది. ఒక ఇంజన్‌తో ఎగరడానికి, దిగడానికి ఈ విమానం తయారై ఉంది, పైలట్లకు ఆ శిక్షణ ఉంది. బయల్దేరిన చోటికే తిరిగి వెళ్తున్నాం. దిగే ముందు కొంతసేపు గాల్లో తిరగాల్సి రావచ్చు. బెల్టు పెట్టుకుని కూర్చోండి. దిగాక పక్కన ఫైరింజన్లు కనబడతాయి, అవి ముందుజాగ్రత్త కోసం వస్తాయి."

ఇది చదవడానికి నిమిషం పట్టదు, నేను గడియారం పెట్టుకుని చదివి చూశాను. తెలుగు, తమిళం, మలయాళం, కన్నడం, ఏ దారిలో ఏ జనం ఎక్కువో ఆ భాషలో. దీన్ని ఇప్పుడు సరే అని తర్వాత మరిచిపోయే సంగతిగా కాకుండా, బెల్టు లాగా తప్పనిసరి నిబంధన చేయమని పర్యవేక్షణ అధికారులను అడుగుతున్నాను.

2. మేం చూసింది మీకు చేరే దారి ఉంచండి. ఇది అన్నిటికంటే పెద్దదని నా నమ్మకం. ఎడమ ఇంజన్ వెనక నిప్పురవ్వలు నేను చూశాను. బటన్ నొక్కాను. ఎయిర్ హోస్టెస్ దూరం నుంచే కూర్చోమని చెయ్యి ఊపింది. ఆమెకూ భయంగానే ఉండి ఉంటుంది, చిన్నపిల్ల. కానీ నేను కూర్చునే ఉన్నాను, చూసింది చెబుదామనే పిలిచాను.

1989 జనవరి 8న ఇంగ్లండులో కెగ్‌వర్త్ దగ్గర ఏం జరిగిందో మీలో ప్రతి పైలట్‌కూ పాఠంలో ఉంటుంది. బోయింగ్ 737లో ఎడమ ఇంజన్ లోపల తిరిగే పంకా రెక్క (బ్లేడు) విరిగింది. పైలట్లు పొరపాటున కుడి ఇంజన్ ఆపేశారు. కుడి ఇంజన్‌కు సమస్య వచ్చింది, చూసుకున్నాం అని కెప్టెన్ మైకులో చెప్పాడు కూడా. వెనక కూర్చున్నవాళ్ళు ఎడమ వైపు మంట చూశారు, క్యాబిన్ సిబ్బందిలోనూ చూసినవాళ్ళు ఉన్నారు. కుడి అంటున్నారేంటి అనుకున్నారు. వాళ్ళకు మనకంటే ఎక్కువ తెలుసులే అని ఊరుకున్నారు. ఒక్కరు వెళ్ళి చెప్పలేదు. రన్‌వేకు కాస్త ముందు ఆ మిగిలిన ఎడమ ఇంజనూ పోయింది. 126 మందిలో 47 మంది చనిపోయారు. భాష వచ్చినవాళ్ళే అక్కడ నోరు విప్పలేకపోయారు, మా అక్క లాంటి మనిషి ఏం విప్పుతుంది?

అది పాత కథ అనుకోవద్దు. 2015 ఫిబ్రవరి 4న తైపేలో ట్రాన్స్ఏషియా ఏటీఆర్ 72 విమానం ఎగిరిన కాసేపటికే రెండో ఇంజన్ శక్తి ఇవ్వడం ఆగిపోయింది. కెప్టెన్ ఒకటో ఇంజన్‌ను, అంటే బాగున్నదాన్ని, ఆపేశాడు. 58 మందిలో 43 మంది పోయారు. ఏటీఆర్ అంటే మా రాయలసీమ చిన్న రన్‌వేల మీద దిగే తరహా రెక్కల పంకాల విమానమే. అందుకే సిమ్యులేటర్‌లో, అంటే నేల మీదే విమానం నడిపినట్టు నేర్పే యంత్రంలో, ఇంజన్ పోయినప్పటి సాధన పేరుకు చేసి టిక్కు పెట్టేది కాకూడదని, క్యాబిన్ సిబ్బందిని కూడా పైలట్లతో పాటు కూర్చోబెట్టి ప్రయాణికుడు చెప్పిన మాటను లోపలికి ఎలా చేర్చాలో నేర్పించాలని అడుగుతున్నాను.

3. తిరుగుతుంటే ఎందుకు తిరుగుతున్నారో చెప్పండి. కువైట్ దాకా సరిపడా ఇంధనంతో ఎగిరిన విమానం బరువుగా ఉంటుంది, మా విమానం తరహా వాటిలో గాల్లో ఇంధనం వదిలేసే ఏర్పాటు ఉండదు కాబట్టి తిరిగి కొంత కాల్చాల్సి రావచ్చు, చెక్‌లిస్ట్ పూర్తి చేయాలి, దిగడానికి ఎంత రన్‌వే కావాలో లెక్క వేసుకోవాలి. ఇవన్నీ నాకు ఊరికి వచ్చాక తెలిశాయి. పైన ఉన్నప్పుడు మాత్రం చక్రాలు దిగట్లేదంట అని ముందు సీటాయన, దించడానికి అనుమతి ఇవ్వట్లేదంట అని వెనకాయన. ఒకాయన వీడియో తీస్తూ ఏడుస్తున్నాడు.

4. సామాను వదిలి దూకమని చెప్పాల్సి వస్తే ఏ భాషలో చెబుతారు? 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి దుబాయ్ వెళ్ళిన ఎమిరేట్స్ విమానం రన్‌వే మీద పడి అంటుకుంది. 300 మందీ బయటపడ్డారు, మంటలార్పబోయిన ఒక అగ్నిమాపక సిబ్బంది చనిపోయాడు. పొగలో కూడా జనం పైన అరల్లోంచి బ్యాగులు లాగిన వీడియో ప్రపంచమంతా చూసి తిట్టింది. నేను తిట్టలేను. మా అక్క బ్యాగులో పాస్‌పోర్టు, కువైట్ సివిల్ ఐడీ, కొడుకు చదువుకు తెచ్చిన అప్పు కాగితం ఉన్నాయి. ఆమెకు అవి పోతే బతుకు పోయినట్టే. ప్రాణం ముందు, కాగితాలు మళ్ళీ వస్తాయి, బ్యాగు తియ్యొద్దు అని ఆమె భాషలో ఎగిరే ముందే చెప్పాలి. మంట వచ్చాక ఇంగ్లీషులో అరిస్తే అర్థమయ్యేది కాదు.

5. దిగాక వదిలేయకండి. మమ్మల్ని బస్సులో తెచ్చి ఒక హాల్లో కూర్చోబెట్టారు, టిఫిన్ కూపన్ ఇచ్చారు. ఇంజన్ ఏమైంది అంటే కౌంటర్లో అబ్బాయి "టెక్నికల్ రీజన్ సార్" అనే ఒక్క మాట సాయంత్రం దాకా చెప్పాడు. ఆ పిల్లోడికి కూడా ఎవరూ ఏమీ చెప్పలేదని అతని ముఖం చూస్తేనే తెలుస్తోంది. మరుసటి రోజు పొద్దున ఇంకో విమానం. 2010 నవంబర్ 4న సింగపూర్ నుంచి ఎగిరిన క్వాంటాస్ ఏ380కి ఒక ఇంజన్ పేలిపోయి రెక్కకు చిల్లులు పడ్డాయి, 469 మంది క్షేమంగా దిగారు. ఆ కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పిగ్నీ దిగాక ప్రయాణికుల దగ్గరికి వచ్చి ఏం జరిగిందో చెప్పి తన ఫోన్ నంబరు కూడా ఇచ్చాడు. పైలట్ నంబరు నేను అడగను. ఒక మనిషి వచ్చి ఐదు నిమిషాలు నిలబడి చెబితే చాలు.

దాంతో పాటు ఒక కాగితం. ఫలానా విమానం ఫలానా రోజు ఇంజన్ సమస్య వల్ల వెనక్కి వచ్చింది, ఫలానా పేరున్న ప్రయాణికురాలి తప్పు లేకుండా ఒక రోజు ఆలస్యమైంది అని, ఇంగ్లీషులో, వీలైతే అరబ్బీలో, సీలు వేసి. అక్క అడిగింది, నేనూ ఆమె తరపున అడిగాను, మెయిలు పెట్టండి పంపుతారు అన్నారు. రాలేదు. చెప్పిన రోజుకు రాలేదని ఆమె పనిచేసే ఇంట్లో జీతం కోశారు. మీకు అది చిన్న మొత్తం. ఆ ఇంట్లో అది ఒక నెల రేషను, కూతురి బస్సు పాసు.

6. ఏం తేలిందో మాకూ తెలియనివ్వండి. పక్షి తగిలిందా, బ్లేడు విరిగిందా, ఏం మార్చారు? ముప్పై రోజుల్లో ఆ విమానంలో ఉన్నవాళ్ళ ఫోన్లకు నాలుగు వాక్యాలు పంపండి, పూర్తి దర్యాప్తు అయ్యాక మిగతాది. మీరు చెప్పకపోతే వాట్సాప్ చెబుతుంది. మా విమానం గురించి రెక్క విరిగిందని మా ఏడురోడ్ల దగ్గర టీ కొట్లో నాకే చెప్పారు, నేను దాంట్లోనే ఉన్నానని తెలీక. ఆ తర్వాత నా షాపులో ఇద్దరు ఆడవాళ్ళు టికెట్ రద్దు చేసుకున్నారు. ఒకామె వీసా గడువు దాటిపోయింది, ఏజెంటుకు కట్టిన డబ్బు పోయింది, ఇప్పుడు మళ్ళీ వడ్డీకి తెచ్చి కడుతోంది.

వీటిలో ఒకటో అంశం, ఐదో అంశం చేయడానికి కొత్త విమానం కొనక్కర్లేదు, ఇంజన్ మార్చక్కర్లేదు. మూడు నెలల్లో చేయొచ్చు. చేయలేమంటే ఎందుకు చేయలేరో రాయండి.

నా నాలుగో మెయిలుగా ఈ లేఖనే అదే ఫిర్యాదు నంబరు మీద పంపుతున్నాను. జవాబు ఇంగ్లీషులో రాసినా పర్వాలేదు. అక్క ప్రతి శుక్రవారం సెలవు రోజు కువైట్ నుంచి ఫోన్ చేసి "వాళ్ళేమన్నా రాసినారా అబ్బీ?" అని అడుగుతుంది. వచ్చిన రోజు నేను తెలుగులో చదివి ఆమెకు వినిపిస్తాను.

ఇట్లు,
ఆ విమానంలో ఎడమ కిటికీ పక్కన కూర్చున్న కడప ప్రయాణికుడు